ఒకే పలక, రెండు రెక్కలు: మేకు లేని వ్యాసపీఠం చేసుకోవడం ఎలా?

గోడకు ఆనించి పెడితే అది అంగుళం మందమున్న టేకు పలక. నేల మీద నిలబెట్టి, పై అంచులో వేళ్లు దూర్చి విడదీస్తే రెండు రెక్కలుగా విచ్చుకుని పుస్తకం పెట్టుకునే వ్యాసపీఠం అవుతుంది. మేకు లేదు, విడిగా బిగించిన మడత బందు లేదు, జిగురు లేదు. రెండు రెక్కల్నీ విడదీసి పక్కపక్కన పెట్టడం కూడా కుదరదు, ఎందుకంటే అవి విడివిడిగా చేసి కలిపినవి కావు. ఒకే పలకని పైనుంచీ కిందినుంచీ చీల్చి, మధ్యలో చీల్చకుండా వదిలిన చోట చేతివేళ్లలా ఒకదాని పక్కన ఒకటి ఇమిడే ముక్కలు (వీటినే ఇక్కడ వేళ్లు అంటున్నాను) చెక్కితే అదే బందు.

ఇది కొత్త సంగతేమీ కాదు. పురాణం చదివే ఇళ్లలో వ్యాసపీఠంగా, ఖురాన్ చదివేచోట రెహల్‌గా చాలా కాలంగా ఉన్నదే. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో 1360 నాటి చెక్క ఖురాన్ పీఠం ఒకటి ఉంది. అయినా ఈ రోజుల్లో 'కాన్సెప్ట్ ఫర్నిచర్' (ఒక ఆలోచన చుట్టూ అల్లిన సామాను) అనే మాట వినగానే నాకు ముందు దీన్నే చూపించాలనిపిస్తుంది. పుస్తకాల దొంతరలా కనిపించే టీపాయి, చెట్టుకొమ్మలా వంకర్లు తిరిగిన అల్మరా వంటివాటిలో తమాషా పైన అతికించినది. దాన్ని ఊడగొట్టినా కింద మామూలు టీపాయి మిగులుతుంది. వ్యాసపీఠంలో తమాషా తీసేస్తే మిగిలేది ఉత్త పలకే. డచ్ రూపశిల్పి రీట్‌వెల్ట్ 1930ల్లో చేసిన జిగ్‌జాగ్ కుర్చీ కూడా ఈ కోవలోదే. నాలుగు పలకలు, వెనక కాళ్లే లేవు. అయితే అది నిలబడటానికి మూలల్లో ముక్కోణపు దిమ్మెలు, బోల్టులు కావలసివచ్చాయి. మన పీఠానికి అవీ అక్కర్లేదు.

ఇక పనిలోకి వద్దాం. ఉలి పట్టడం కొద్దిగా తెలిసినవాళ్లకి వారాంతపు సెలవుల్లో అయ్యే పని.

కావలసినవి

పలక తయారయ్యాక కొలత 400 × 150 × 25 మిల్లీమీటర్లు ఉండాలి. కోత, చిత్రికలకి పోయేది లెక్కేసి 450 × 160 × 30 తెచ్చుకోండి. పరికరాలు: మూలమట్టం, మార్కింగ్ గేజ్ (అంచుకి సమాంతరంగా గీత లాగేది), గీత కత్తి, 12, 20 మిల్లీమీటర్ల ఉలులు, కొయ్యసుత్తి, డ్రిల్లు, కోపింగ్ సా (విల్లులాంటి ఫ్రేముకి సన్నటి బ్లేడు బిగించిన రంపం), ఆ బ్లేడు దూరేంత బిట్టు, నిలువు కోత రంపం, చిత్రిక, రెండు క్లాంపులు, ఎరుపు, నీలం రంగు పెన్సిళ్లు. రంగు పెన్సిళ్లు ఎందుకని నవ్వకండి. ఈ పనిలో చెడిపోయే పలకల్లో ఎక్కువ భాగం ఉలి జారి కాదు, ఏ వేలు ఏ రెక్కదో మర్చిపోయి చెడిపోతాయి.

మొదటి మెట్టు: పలకని ఎంచుకోవడం

సగం పని ఇక్కడే ఉంది. ఒక్కో రెక్క బందుకి పైన పలక ఒక ముఖం వైపున ఉంటుంది, బందు దాటాక రెండో ముఖం వైపుకి వెళ్తుంది. అంటే బరువంతా వేలి లోపలినుంచి ఐమూలగా కిందికి దిగుతుంది. చెక్కలో గీత, అంటే పోగులు సాగే దారి, పలక పొడవునా తిన్నగా ఉంటే వేలు ఆ బరువు మోస్తుంది. గీత పలక మందంలో ఏటవాలుగా ఉంటే వేలు దగ్గర పొట్టి గీత మిగిలి, మొదటిసారి విప్పినప్పుడే పుటుక్కుమంటుంది. పైన ఎంత అందమైన మెలికలున్నా ఈ పనికి అది వద్దు. ఆ పలకతో మరేదైనా చేసుకోండి.

గీత తిన్నగా ఉందో లేదో చూడటానికి పలక చివర కోసేసే ముక్కని ఉలితో చీల్చి చూడండి. చీలిక పలక ముఖానికి సమాంతరంగా సాగితే మంచిది. పక్కకి తిరిగితే వదిలేయండి. పలక చివర కనిపించే చెట్టు వలయాల గీతలు ముఖానికి నిలువుగా నిలబడి ఉంటే ఇంకా మేలు. చెక్క ఆరేటప్పుడు వలయాల వెంబడి కుంచించుకునేంతగా వాటికి అడ్డంగా కుంచించుకోదు. టేకులో ఈ తేడా దాదాపు రెండింతలు. పొడవునా కుంచించుకోవడం లెక్కలోకి రానంత తక్కువ. నిలువు వలయాల పలకని చీల్చాక రెక్కలు వంగకుండా ఉండేది అందుకే.

టేకు చేవ మొదటి ఎంపిక. తెల్లచెక్క అంచు ఉన్న పలక తీసుకోకండి, పురుగు ముందు అక్కడే చేరుతుంది. వేపకి పురుగు భయం తక్కువే గాని గీత తరచూ అటూ ఇటూ తిరుగుతుంది, ఉలి కింద పెచ్చులు లేస్తుంది. రబ్బర్‌వుడ్ బోర్డులు చిన్న ముక్కలు అతికించినవి, అతుకు సరిగ్గా వేలు మీద పడితే అంతే సంగతులు. ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్క పీచు అతికించి చేసిన బోర్డు) మాట ఎత్తక్కర్లేదు.

పాత కలప దుకాణంలో దొరికే దూలం ముక్కకి సాటి లేదు. ఇల్లు కూల్చినప్పుడు వచ్చిన టేకు ఏళ్ల తరబడి ఆరి ఉంటుంది, ధరా తక్కువే. కాకపోతే అయస్కాంతంతో ఒకసారి తడమండి. విరిగి లోపల ఉండిపోయిన మేకు ఒకటి చాలు రంపం పళ్లు రాలగొట్టడానికి.

కొత్త చెక్క అయితే తడి 12 శాతం మించకూడదు. మీటరు లేకపోతే వంటింటి తూకం చాలు. పలకని వారానికోసారి తూచి రాసుకోండి. బరువు తగ్గడం ఆగేదాకా ముట్టుకోకండి. తొందరపడి చీలిస్తే ఇప్పటిదాకా లోపల దాగి ఉన్న తడి ముఖం బయటపడి ఆరుతుంది, కుంచించుకుంటుంది, రెండు రెక్కలూ లోపలివైపుకి దొప్పలవుతాయి. తర్వాత దాన్ని సరిచేసే మార్గం లేదు.

రెండో మెట్టు: చిత్రిక పట్టడం, గీతలు గీయడం

పలకని నాలుగు వైపులా చిత్రిక పట్టి మందం అంతటా 25 మిల్లీమీటర్లు ఉండేలా చూసుకోండి. మందం ఒకచోట 24, ఒకచోట 26 ఉంటే ఇక్కడినుంచి వేసే ప్రతి లెక్కా తప్పుతుంది.

కింది అంచునుంచి 170 మిల్లీమీటర్ల దగ్గర అడ్డగీత గీయండి. ఇది బందు నడిగీత. కింద 170 కాళ్లు, పైన 230 పుస్తకం పట్టే రెక్కలు. నడిగీతకి పైనా కిందా పన్నెండున్నర మిల్లీమీటర్ల దూరంలో చెరో గీత, 25 మిల్లీమీటర్ల దూరంలో చెరో గీత. మొత్తం ఐదు అడ్డగీతలు. మూలమట్టం పెట్టి గీత కత్తితో వీటిని రెండు ముఖాల మీదికీ, రెండు పక్క అంచుల మీదికీ తిప్పండి. పెన్సిల్ గీత చాలదు. కత్తి గాటు ఉంటే ఉలి దానిలో కూర్చుంటుంది.

ఇప్పుడు వేళ్లు. ఐదు కావాలి. వెడల్పుని ఐదు సమభాగాలు చేస్తే ఒక్కోటి 30 వస్తుంది, చాలామంది అలాగే చేస్తారు. నేను మాత్రం 26, 36, 26, 36, 26 పెడతాను. కారణం ఉంది. బేసి వేళ్లు మూడూ ఒక రెక్కవి, సరి వేళ్లు రెండూ రెండో రెక్కవి. సమానంగా పంచితే మొదటి రెక్కకి 90 మిల్లీమీటర్ల చెక్క, రెండో దానికి 60 మాత్రమే. అంటే ఒక రెక్క ఎప్పుడూ బలహీనం. నేను చెప్పిన కొలతతో 78, 72 అవుతాయి. చూడటానికీ అసమానమైన వేళ్లే బాగుంటాయని నా అభిప్రాయం.

బేసి వేళ్లకి ఎరుపు, సరి వేళ్లకి నీలం రంగు వేయండి, రెండు ముఖాల మీదా. ఒకటో వేలు వెనక్కి తిప్పినా ఒకటో వేలే, అంచు మారిపోయిందని అంకెలు తారుమారు చేయకండి. ఎర్ర రెక్క అంటే పైన ముందు పొర, కింద వెనక పొర. నీలం రెక్క అంటే పైన వెనక పొర, కింద ముందు పొర. దీన్నిబట్టి ఎక్కడ తెగాలో తేలుతుంది:

ముందు ముఖంలో ఎర్ర వేళ్లు పైకి అతుక్కుని ఉంటాయి, కింద తెగుతాయి. నీలం వేళ్లు కిందికి అతుక్కుని ఉంటాయి, పైన తెగుతాయి.

వెనక ముఖంలో సరిగ్గా తలకిందులు. ఎర్ర వేళ్లు పైన తెగుతాయి, నీలం వేళ్లు కింద తెగుతాయి.

తెగాల్సిన చోట నడిగీతనుంచి 25 మిల్లీమీటర్ల గీత దాకా, ఆ వేలి వెడల్పు మేరకే, పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా గీకి నింపండి. రెండు ముఖాలూ కలిపి పది గళ్లు నిండాలి. తొమ్మిదో పదకొండో వచ్చాయంటే టీ తాగి వచ్చి మళ్లీ చూడండి.

చివరగా పలక రెండు పక్క అంచుల మీద నడిగీత, మందం మధ్య కలిసే బిందువు దగ్గర కంపాసు పెట్టి పన్నెండున్నర వ్యాసార్ధంతో వృత్తం గీయండి. వేలు ఏ గుండ్రంలోకి రావాలో అదే చూపిస్తుంది.

మూడో మెట్టు: ఉలి పని

గీకిన ప్రతి గడిలో ఒక గాడి తవ్వాలి. దాని లోతు పలక మందంలో సగం, పన్నెండున్నర. గాడి అడుగుభాగం సరిగ్గా పన్నెండున్నర గీతకి నేరుగా, లోపల పడాలి. గాడికి ఒకవైపు వేలు, అది నడిగీతనుంచి గుండ్రంగా లోపలికి దిగుతుంది. రెండోవైపు ఎదుటి రెక్క చివర, అది 25 గీతనుంచి 45 డిగ్రీల వాలుగా దిగుతుంది.

గడి మధ్యనుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా రెండు వైపులకీ వెడల్పు చేస్తూ దిగండి. నడిగీత మీద ఉలి నిలబెట్టి ఒక్కసారే దెబ్బ వేస్తే ఉలి వాలు చెక్కని వెనక్కి తోసి వేలిని నలిపేస్తుంది. పక్క వేలిని ఆనిక చేసుకుని మీటడం అసలు వద్దు. మొదట రెండు వైపులా వాలుగానే తీయండి, గుండ్రం చివర్లో చెక్కుకోవచ్చు. టేకులో ఇసుక లాంటి సిలికా ఉంటుంది, ఉలి పదును తొందరగా పోతుంది. గాడి గాడికీ రాయి మీద నాలుగు రుద్దులు రుద్దుకోండి. చివరి వేళ్ల గాళ్లు పక్కనుంచి కనబడతాయి కాబట్టి ముందు అవి చేసి, కంపాసు వృత్తంతో సరిచూసుకుని, మిగతావి ఆ అచ్చులో దింపండి.

ఇది ఎప్పుడూ చేయనివాళ్లు టేకు మీద మొదలుపెట్టకండి. ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్కలో 75 మిల్లీమీటర్ల వెడల్పు ముక్క తీసుకుని మూడు వేళ్లతో ఒక బొమ్మ పీఠం చేయండి. విరిగినా ఫరవాలేదు. చేత్తో ఒకసారి విప్పి మూశాక ఎరుపు, నీలం లెక్క దానంతటదే తలకెక్కుతుంది. మాటల్లో చెబితే దీనికి పావు వంతు కూడా అర్థం కాదు.

నాలుగో మెట్టు: వేళ్లు విడదీయడం

వేలికీ వేలికీ మధ్య ఉన్న నాలుగు నిలువు గీతల్లో ఒక్కోదాని మీద బ్లేడు దూరేంత రంధ్రం వేయండి, నిట్టనిలువుగా, అటువైపు తేలేలా. కోపింగ్ సా బ్లేడు దానిలోంచి దూర్చి, పై పన్నెండున్నర గీతనుంచి కింది పన్నెండున్నర గీత దాకా కోయండి. అంతే, 25 మిల్లీమీటర్ల కోత. ఒక్క మిల్లీమీటరు దాటినా రెక్కలో చీలిక మొదలవుతుంది. బ్లేడుని ఫ్రేముకి అడ్డంగా తిప్పుకుంటే ఫ్రేము పలక పక్కకి ఉంటుంది, ఎక్కడా తగలదు.

ఈ కోతల వెడల్పు గురించి ఒక మాట. వానాకాలంలో చెక్క అడ్డంగా ఉబ్బుతుంది. మే నెలలో హైదరాబాద్ ఎండలో బిగుతుగా చేసిన పీఠాన్ని విశాఖలోనో కాకినాడలోనో ఉన్న చుట్టానికి కానుకిస్తే జులైలో అది విచ్చుకోదు. పొడి రోజుల్లో చేస్తుంటే కోత ఒక మిల్లీమీటరు నిండుగా ఉండనివ్వండి. ముసురు రోజుల్లో చేస్తుంటే బ్లేడు ఎంత తీస్తే అంత చాలు.

పలక ఇంకా గట్టిగా ఒకటిగా ఉండగానే కింది అంచులో కాళ్ల మధ్య విల్లు ఆకారం కోసేయండి, పై అంచుకి మీకు నచ్చిన వంపు ఇవ్వండి. నగిషీ విషయంలో మీ ఇష్టం. నేనైతే ఏమీ చెక్కను. మూసినప్పుడు ఎంత మామూలు పలకలా కనిపిస్తే విప్పినప్పుడు అంత బాగుంటుంది.

ఐదో మెట్టు: చీల్చడం

మార్కింగ్ గేజ్‌తో పలక పక్క అంచుల మీదా, పై, కింది చివరల మీదా సరిగ్గా మందం మధ్యలో గీత లాగండి. పలకని నిలబెట్టి బిగించండి. నిలువు కోత రంపంతో ఒక మూలనుంచి ఐమూలగా మొదలుపెట్టి కొంత దిగాక పలకని తిప్పి రెండో మూలనుంచి, మళ్లీ తిప్పి మొదటి మూలనుంచి, ఇలా దిగుతూ పోవాలి. రంపం ఎప్పుడూ కంటికి కనబడే గీతనే అనుసరించాలి, కనబడని వైపు గీత మీద నమ్మకం పెట్టుకోకూడదు.

పైనుంచి దిగేటప్పుడు పై పన్నెండున్నర గీత దగ్గర ఆగాలి. కిందినుంచి వచ్చేటప్పుడు కింది పన్నెండున్నర గీత దగ్గర. అక్కడ రంపం మీరు తవ్విన గాళ్ల అడుగుకి తగులుతుంది. పొట్టు గాళ్లలోంచి రాలడం మొదలైతే దగ్గరికి వచ్చినట్టు. అక్కడినుంచి నెమ్మదిగా, నాలుగు లాగులకోసారి చూసుకుంటూ వెళ్లండి. గీత దాటితే రంపం వేళ్ల మెడలు కోస్తుంది.

చేత్తో చీల్చే ఓపిక లేకపోతే బ్యాండ్ సా (పట్టీలాంటి బ్లేడు తిరిగే రంపం యంత్రం) ఉన్న వడ్రంగి దుకాణానికి తీసుకెళ్లండి, నిమిషాల పని. ఎక్కడ ఆపాలో ఎర్రగా పెద్ద గీత గీసి, మేస్త్రీ పక్కనే నిలబడండి. ఆయన చేతి వేగానికి గీత దాటిపోవడం క్షణం పని, పలక మధ్యలో ఆపమని అడిగేవాళ్లు ఆయనకి రోజూ రారు. గుండ్రటి రంపం మాత్రం వద్దు. దాని కోత అడుగున వంపుగా ఉంటుంది కాబట్టి ఒక ముఖం దగ్గర గీత చేరేసరికి ఇంకో చోట చేరదు.

కోత పొట్టు పీల్చకుండా మాస్కు పెట్టుకోండి. చెక్క పొట్టుని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం క్యాన్సర్ కారకాల జాబితాలోనే పెట్టింది.

ఆరో మెట్టు: విప్పడం

పొట్టు ఊదేసి, రెండు రెక్కల పై అంచులు పట్టుకుని మెల్లగా లాగండి. మొదటిసారి సాధారణంగా రాదు. అది మంచిదే. వదులుగా వచ్చేస్తే ఎక్కువ తీసేశారని అర్థం. ఎక్కడ పట్టిందో చూడటానికి సన్నటి హ్యాక్సా బ్లేడు ప్రతి కోతలోనూ దూర్చి ఆడించండి. మూలల్లో తెగకుండా మిగిలిన పోగులే చాలాసార్లు అడ్డం. అవి తెగాక కొద్దిగా కదులుతుంది. అప్పుడు గాళ్లలో సుద్ద పూసి విప్పి మూయండి. సుద్ద చెరిగిన చోటే రాసుకుంటోంది, అక్కడ మాత్రమే ఉలితో పలచగా గీరండి. బలవంతంగా లాగితే విరిగేది ఎప్పుడూ చివరి వేలే.

రెక్కల మధ్య దాదాపు లంబకోణం వచ్చేసరికి రెక్క చివర ఎదుటి రెక్క ముఖానికి తగిలి ఆగుతుంది. బరువు పెట్టిన కొద్దీ ఆ ఆనిక మరింత బిగుస్తుంది, పీఠం చతికిలబడకుండా ఆపేది అదే. రెండు చేతుల వేళ్లు పెనవేసి అరచేతుల్ని విప్పినప్పుడు ఒక హద్దు దాటి వెళ్లవే, అలాగన్నమాట. ఈ ఆనిక ఐదు వేళ్ల దగ్గరా ఒకేసారి తగిలితేనే బరువు సమంగా పంచుకుంటుంది. ఒక్కటే తగులుతుంటే దాన్ని కాస్త గీరి మిగతావాటితో కలపండి.

ఇప్పుడు కాళ్లు. విచ్చుకున్నాక ఒక్కో కాలు 45 డిగ్రీల వాలులో ఉంటుంది, లోపలి అంచు ఒక్కటే నేలకి తగులుతుంది. ఆ లోపలి అంచుని 45 డిగ్రీలకి చిత్రిక పట్టండి. బయటి అంచు జోలికి వెళ్లకండి. పై చివర లోపలివైపు చిన్న గాడి తీస్తే మూసినప్పుడు గోరు దూరడానికి చోటు ఉంటుంది.

చీల్చాక ఎక్కడైనా నెర్రె కనబడితే పలక పారేయకండి. నెర్రెకి అడ్డంగా సీతాకోకచిలుక ఆకారంలో ఇంకో చెక్క బిళ్ల పొదగండి, బిళ్ల గీత నెర్రెకి అడ్డంగా ఉండేలా. జపనీస్ అమెరికన్ ఫర్నిచర్ రూపశిల్పి జార్జ్ నకషిమా ఇలాంటి బిళ్లల్ని దాచకుండా బల్లల ముఖం మీదే కనిపించేలా పెట్టాడు. ఆయన 1930ల చివర్లో పుదుచ్చేరి అరవింద ఆశ్రమంవాళ్ల గోల్కొండ అనే వసతి భవన నిర్మాణంలో పనిచేసినవాడు, 1964లో అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ ఎన్‌ఐడీకి వచ్చి ఫర్నిచర్ కూడా రూపొందించాడు. నెర్రె వేలి మీదే ఉంటే మాత్రం ఏ బిళ్లా కాపాడదు.

ఏడో మెట్టు: నూనె

120, 180, 240 నంబరు శాండ్‌పేపర్లు వరసగా పట్టండి. లోపలి ముఖాల మీద రంపం గాట్లు పూర్తిగా పోయేదాకా రుద్దితే మూసినప్పుడు రెక్కల మధ్య సందు పెరుగుతుంది. పుస్తకం ఆనే మేరకు నునుపు చేసి ఊరుకోండి. వార్నిష్ వద్దు. బందులోకి కారి ఎండితే వేళ్లు అతుక్కుంటాయి. అవిసె నూనె పలచగా పూసి, పావుగంట ఆగి, మిగిలినది పూర్తిగా తుడిచేయండి. అది ఆరాక ఇంకో పూత. వేళ్ల సందుల్లో తేనెమైనం రుద్దితే కిర్రుమనదు.

నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. తీగ మీద విప్పి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి పారేయండి.

పెద్దది చేయాలనుకుంటే

ఇదే పద్ధతిలో కూర్చునే పీట చేయొచ్చా అని చూసినవాళ్లు తప్పకుండా అడుగుతారు. 25 మిల్లీమీటర్ల పలకతో వద్దు. ఒక్కో రెక్క వేలిని కలిసే చోట సగం మందం, అదీ సగం వెడల్పులోనే ఉంటుంది. పుస్తకానికి, టాబ్లెట్‌కి, పళ్లెంలో పళ్లకి అది చాలు. మనిషి ధబాలున కూర్చుంటే చాలదు. 50 మిల్లీమీటర్ల మందం, 300 వెడల్పు పలక దొరికితే ఆలోచించండి. అప్పుడు అడ్డగీతల కొలతలన్నీ మందంతో పాటే మారతాయి: నడిగీతనుంచి సగం మందం దూరంలో ఒకటి, పూర్తి మందం దూరంలో ఒకటి, అంటే 25, 50. వేళ్లు ఏడు చేసి, నాలుగు ఉన్న రంగుకి సన్నగా, మూడు ఉన్న రంగుకి వెడల్పుగా పంచండి. చీల్చడం బ్యాండ్ సా మీదే. మీరు కూర్చునే ముందు ఇసుక బస్తా పెట్టి రాత్రంతా వదిలి చూడండి.